జంతిక తాత

బడికి సున్నం వేస్తున్నారు.
నిచ్చెన మీద నుంచి మీరావలి
పటం ఒకటి దించి దుమ్ము ఊది అడిగాడు:
"ఎవరండీ మేడం, మీ తాతగారా?"

నవ్వొచ్చింది.
నేను ఈ బడికొచ్చి ఇరవై ఆరేళ్లు.
అప్పటికే ఆయన ఇక్కడున్నాడు, గంట వేలాడే స్తంభం పక్కన.
మెడ చుట్టూ మడతలు మడతలుగా తెల్లటి పట్టీ,
పిల్లల కంటికది జంతిక.
జంతిక తాత అంటారు.
పరీక్షల రోజున చెప్పులు విడిచి దణ్ణం పెడతారు,
మా లూథరన్ గుడి మెట్టు ఎన్నడూ ఎక్కనివాళ్లు కూడా.

పటం వెనక అట్ట ఊడింది.
అట్టకీ బొమ్మకీ మధ్య నాలుగు మడతల కాగితం.
ఇటుకరంగుకి తిరిగిన సిరా,
నానేసిన శనగల్లా ఉబ్బిన గుండ్రటి అక్షరాలు.
"పల్లెపోగు నెహెమ్యా, ఉపదేశి, గుంటూరు, 1911.
దొరగారు చెప్పగా విన్నది
జ్ఞాపకం ఉన్నమట్టుకు రాస్తున్నాను."

యోహాను వైడ్నర్ అనే ఈ పాదిరిగారు
మూడు వందల ఏళ్ల కిందట జర్మనీ దేశంలో పుట్టారట.
నాయన తోళ్లు పదును చేసేవాడట,
ఆ వాసనకి కొడుకుని బల్ల చివర కూర్చోబెట్టారట.
నోటికి రాని లాటిన్ని
బెత్తంతో వీపు మీద రాసేవారట.

తాను పాదిరి అయ్యాక
ఊళ్లో బెత్తాలన్నీ పోగేసి
మంచు కురిసే పొద్దున పొయ్యిలో పెట్టి
ఆ సెగ చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టి
వాళ్లమ్మ మాటలోనే చదివించారట.
ముందు వస్తువు, తరవాత మాట.
గుర్రం అని రాయించాలంటే
ముందు గుర్రం దగ్గరికి నడిపించు.
ఆడపిల్లలకీ బల్ల వేయించారట.
ఊరి పెద్దలకి కోపమొచ్చి
ఏడాదికిచ్చే రెండు బస్తాల బార్లీ ఆపేశారట.
యుద్ధం వచ్చి బడి కాలిపోతే
గొడ్లపాకలో గంట కట్టారట.

కాగితం తిప్పాను.

రెండో పక్క బార్లీ జొన్నలైంది.
జర్మనీలో ఎండ మాడ్చేస్తోంది.
పాదిరిగారు చూరు కింద ఇసుక పోసి వేలితో దిద్దిస్తున్నారు,
మిరపకోతలకెళ్లిన పిల్లల కోసం
గట్ల వెంట పలకలు మోసుకెళుతున్నారు.
మండే వేళ్లతో కళ్లు నులుముకుని వాళ్లు ఏడిస్తే
మజ్జిగ తెప్పించి చేతులు కడుగుతున్నారు.
"ఆ చేతులతోనే మిరప అని రాయించాను.
ఒక్కడూ మరిచిపోలేదు."

రాయించారు కాదు. రాయించాను.
ఆ ఒక్కచోటే కలం జారింది.

జర్మనీలో మిరపచేలు ఉన్నాయో లేవో నాకు తెలీదు.
తెలుసు. లేవు.

కింద, అంచుకి ఒరిగిపోయి, మూడు వరసలు:
"కలరా తగిలింది. పాదిరిగారి భార్య సారమ్మ,
ముగ్గురు పిల్లలు, ఒకే వారంలో.
సోమవారం గంట వేళకే కొట్టారు."

అంతే. ప్రార్థన లేదు, ఆమెన్ లేదు.

మధ్యాహ్నం గాలి మిర్చి యార్డు వైపు నుంచి తిరిగింది.
నిచ్చెన మీద మీరావలి దగ్గాడు.
కింద నేనూ.
వరండా చివర, నిరుడు కమిటీవాళ్లు పెట్టించిన బోర్డు:
ఈ ఆవరణలో ఇంగ్లీషు మాత్రమే మాట్లాడవలెను.
గురువారం ఆరో తరగతి సుధీరు
"మేడం, నీళ్లు" అన్నాడు.
వాడి అరచెయ్యి చిన్నది.
నా స్కేలు సగం గాలికే తగిలింది,
అనుకున్నాను అప్పుడు.

"పటం మళ్లీ పెట్టాలా, తీసేయమంటారా?"
"పెట్టాలి."
"ఇవాళ మేకు ఆగదండీ, గోడ తడి."
"ఆరాకే కొట్టు."

కాగితం ఎలా ఉందో అలాగే మడిచాను.
ఎవరి కథో తేల్చడం నా వల్ల కాలేదు.
అట్ట వెనక వాళ్లిద్దరికీ చోటు సరిపోయింది,
నూరేళ్లు పైగా.

"సున్నం గడ్డకడుతోంది మేడం,
కలపడానికి కర్రేమైనా ఉందా?"

సొరుగు లాగాను.
చెక్క స్కేలు, పన్నెండంగుళాలది.
బకెట్లో గిరగిరా తిప్పాడు.
తొమ్మిదో అంగుళం దాకా
అంకెలు మునిగిపోయాయి.